చేపల గోడ దగ్గర

"ఆయమ్మా, నువ్వూ వస్తున్నావు మాతో" అంది డాక్టరమ్మ, కంప్యూటర్ మీంచి తల తిప్పకుండానే.

ఆయమ్మ కింద కూర్చుని బుడ్డోడి గోళ్ళు తీస్తోంది. రెండేళ్ళ పిల్లాడి గోళ్ళు తియ్యడమంటే పులి మీసాలు కత్తిరించడమే. ఒక్కో వేలూ పట్టుకుని, "వీడు దొంగ, వీడు పోలీసు" అని కథ చెబుతూ, వాడు కిలకిలమనే లోపల కత్తెర ఆడించెయ్యాలి. పోలీసు దగ్గరికొచ్చేసరికి ఆమె చెయ్యి ఆగిపోయింది.

"ఎక్కడికమ్మా?"

"ఎక్కడికేంటి, ఇన్నాళ్ళనుంచీ ఇంట్లో అదే గోల కదా. ఎడారిలో కట్టారే, ఆ ఊరికి."

డాక్టరమ్మ పళ్ళ డాక్టరు. పగలంతా పరాయి నోళ్ళలోకి వంగి చూసి చూసి, సాయంత్రాలు నడుం పట్టుకుని ఇల్లు చేరుతుంది. ఈ మధ్య మాత్రం రాగానే కంప్యూటర్ ముందు కూర్చుంటోంది. మబ్బుల్ని దాటిన మేడలూ, రాత్రిళ్ళు రంగులు మార్చే నీళ్ళూ, ఇసుక తిన్నెల మీద తలకిందులయ్యేలా నడిపే జీపులూ ఒకదాని తర్వాత ఒకటి తెర మీద కదులుతాయి. సార్ సోఫాలో పడుకుని వ్యాఖ్యానం చెబుతుంటాడు.

"బయట నిప్పులు చెరుగుతుంటాయట. లోపల ఒక హాల్లో మంచు కురిపిస్తారట. ఆ ఎండలో వెళ్ళి, కోట్లు అద్దెకి తీసుకుని, వణికి రావాలి మనం" అని నవ్వాడు.

"ఆ ఎండలో వీణ్ణి నేనొక్కదాన్నే పట్టుకోలేను" అంది డాక్టరమ్మ. "నీ పాస్‌పోర్టు పోయినసారి చేయించిందే ఉందిగా ఆయమ్మా, ఊరికే పడి ఉంది."

ఆయమ్మ కత్తెర పక్కన పెట్టింది. "మా అమ్మాయి అక్కడే ఉందమ్మా."

అప్పుడు తిరిగి చూసింది డాక్టరమ్మ. "అవును కదూ! ఎప్పుడో చెప్పావు. ఇళ్ళల్లో పనే కదా?"

"పిల్లల్ని చూసుకుంటుందమ్మా. నాలాగే."

"ఇంకేం మరి, చూసి రావచ్చు. ఒక పూట పంపిస్తాంలే" అన్నాడు సార్. ఆయన మంచి మనిషే. ఏ మాటైనా తేలిగ్గా అనేస్తాడు, అంత తేలిగ్గానూ మరిచిపోతాడు.

బుడ్డోడు మిగిలిన వేళ్ళు చాపి ఆయమ్మ గడ్డం మీద కొట్టాడు. "ఆయీ, పోలీ... పోలీ!" ఆమె కత్తెర డబ్బాలో పెట్టేసి వాణ్ణి ఎత్తుకుంది. రెండో చేతి గోళ్ళు ఆ పూటకి అలాగే ఉండిపోయాయి.

*

కూతుర్ని అందరూ పిట్ట అంటారు. చిన్నప్పుడు దాని నోటికి మూత పడేది కాదు. వసపిట్ట, వసపిట్ట అని వీధంతా పిలిచి పిలిచి, చివరికి వస రాలిపోయి పిట్ట మిగిలింది. ఇప్పుడు ఫోన్లో ఆ పిట్ట తక్కువే మాట్లాడుతుంది. బొమ్మ కనపడేలా చెయ్యవే అంటే, ఇంటినిండా కెమెరాలున్నాయి, ఒప్పుకోరంటుంది. గొంతు మాత్రమే వస్తుంది. అదీ వాళ్ళ మేడమ్ మధ్యాహ్నం కునుకు తీసినప్పుడు, బట్టలుతికే గదిలోంచి, యంత్రం తిరుగుతున్న చప్పుడు మధ్య.

"నిజంగానా అమ్మా? ఒట్టు?" అంది పిట్ట.

"ఒట్టే. హోటలు కూడా చూసేశారు."

పిట్ట గొంతు చిన్నపిల్ల గొంతయిపోయింది. "నన్ను బయటికి పంపరే. ఒక పని చేద్దాం. సెలవు రోజు సాయంత్రం మా వాళ్ళు పెద్ద బజారు మేడకి వెళ్తారు. పిల్లల బండి తోసుకుంటూ నేనూ వెళ్తాను. అక్కడ చేపల గోడ ఉంటుంది. అద్దాల వెనక సముద్రమంత నీళ్ళు. నువ్వు మీ బుడ్డోణ్ణి బండిలో వేసుకుని అక్కడికి రా. రెండు బండ్లూ పక్కపక్కన ఆపుదాం. ఎవరన్నా చూసినా, ఆయాలిద్దరు చేపల్ని చూస్తూ కబుర్లు చెప్పుకుంటున్నారనుకుంటారు."

"నీ తెలివి మండా" అంది ఆయమ్మ. నవ్వబోతే ఏడుపొచ్చింది. "నన్ను చూసి ఏడవకేం. ఏడిస్తే దొరికిపోతాం."

"నువ్వు ఏడవకుండా చూసుకో ముందు."

మర్నాడు ఆయమ్మ నూలు బట్ట కొని తెచ్చింది. కింది వాటాలో ఇస్త్రీ చేసే ఆవిడకి కుట్టుమిషను కూడా ఉంది. పిట్ట పాత గౌను కొలతకిచ్చి, అక్కడి ఉక్కకి ఒంటికి హాయిగా ఉండేలా నైటీ కుట్టమంది.

"పరాయి దేశం తిండి. ఒళ్ళు చేసుంటుంది. కుట్లలో కాస్త వదులు పెట్టనా?" అంది ఇస్త్రీ ఆవిడ.

"పెట్టు."

"ఇంక నిన్ను పట్టలేం తల్లీ. విమానంలోంచి ఉమ్మెయ్యకు, కింద మేముంటాం!"

మెట్ల మీద కూర్చున్న వాళ్ళందరూ నవ్వారు. ఆయమ్మ కూడా చాలాకాలానికి నోరారా నవ్వింది.

*

ఆ వారంలోనే ఒక సాయంత్రం డాక్టరమ్మ క్లినిక్ నుంచి తొందరగా వచ్చింది. బుడ్డోడికని కొన్న నల్ల కళ్ళద్దాలు చేతిలో ఉన్నాయి, ఎడారిలో పెట్టడానికి. సంచీ కింద పడేసి, "రా నాన్నా" అని చేతులు చాచింది.

వాడు ఆయమ్మ చంకలో ఉన్నాడు. తల్లిని ఒకసారి చూసి, మొహం తీసుకెళ్ళి ఆయమ్మ మెడలో దాచుకున్నాడు. డాక్టరమ్మ నవ్వుతూనే లాక్కుంది. వాడు విల్లులా వెనక్కి వంగిపోయి, కళ్ళద్దాలు విసిరికొట్టి, "ఆయీ! ఆయీ!" అని గుక్కపట్టాడు. రెండు చేతులతో తల్లి మొహాన్ని తోసేశాడు. వాడి గోరు తగిలి ఆమె చెంప మీద సన్నటి ఎర్ర గీత పడింది.

"బాగుంది" అన్నాడు సార్. "అక్కడెవరన్నా మీ అమ్మేదిరా అంటే ఆయమ్మని చూపిస్తాడు వీడు."

ఎవరూ నవ్వలేదు. ఆయమ్మ చేతులు ముందుకు చాచింది, మళ్ళీ వెనక్కి తీసుకుంది. ఏడుస్తున్న పిల్లాణ్ణి అందుకోకుండా నిలబడటం ఆమెకి చేతకాదు. చివరికి డాక్టరమ్మే వాణ్ణి ఆ చేతుల్లో పెట్టేసి, చెంప తడుముకుంటూ లోపలికి వెళ్ళిపోయింది. వాడు టక్కున ఏడుపు మానాడు. పిల్లాడు ఏడుపు మానినందుకు ఆయమ్మకి భయం వెయ్యడం అదే మొదటిసారి.

మర్నాడు పొద్దున వంటింట్లోకి వచ్చింది డాక్టరమ్మ. కప్పులో చక్కెర ఎప్పుడో కరిగిపోయినా చెంచా తిప్పుతూనే ఉంది.

"ఆయమ్మా, ఈసారికి మేం ముగ్గురమే వెళ్దామనుకుంటున్నాం." చెంచాతో చెబుతున్నట్టు చెప్పింది. "నీ తప్పేం లేదు. వాడు నాకు కాస్త అలవాటు పడాలి. నువ్వు ఎదురుగా ఉంటే నా దగ్గరకి రాడు."

"అలాగేనమ్మా."

"మీ అమ్మాయి సంగతి నాకు గుర్తుంది. ఇంకోసారి ఎప్పుడైనా..."

"అలాగేనమ్మా."

ఆయమ్మ పాలసీసాలు కడుగుతోంది. సీసా మెడలోంచి బ్రష్ దూర్చి అడుగుదాకా తిప్పింది, వేడినీళ్ళు పోసింది, వంచింది. అదే సీసా మళ్ళీ తీసుకుని మళ్ళీ తిప్పింది. పిల్లాణ్ణి సరిగ్గా చూసుకోకపోతే ఎప్పుడో మానిపించి ఉండేవాళ్ళు. సరిగ్గా చూసుకుంది, అందుకని వదిలేసి వెళ్తున్నారు. ఇందులో తను ఎక్కడ ఇంకోలా చేసి ఉండాల్సిందో ఎంత తోమినా ఆమెకి తేలలేదు.

సాయంత్రం ఇంటికి బయల్దేరుతూ, నైటీ కట్టిన పొట్లంతో గుమ్మం దగ్గర నిలబడింది.

"అమ్మా, ఒక్క మాట. అక్కడ చేపల గోడ ఉంటుందట. సెలవు రోజు సాయంత్రం మా పిల్ల అక్కడికి వస్తుంది. మీరు ఒకసారి దానికి కనపడితే చాలు. ఈ పొట్లం ఇచ్చేసి, బుడ్డోణ్ణి ఒకసారి ఎత్తుకోనివ్వండి."

డాక్టరమ్మ మొహం వికసించింది. ఏదో ఒకటి చెయ్యడానికి దొరికినందుకు ఆమెకి పెద్ద బరువు దిగినట్టయింది. "తప్పకుండా ఆయమ్మా! వీడియో కూడా తీసి తెస్తాను. ఫొటో ఉందా?"

ఉంది. ఊరు వదిలిన రోజు తీసింది. రెండు జడలు, నిండు బుగ్గలు, మాట మధ్యలో తీసినట్టు సగం తెరిచిన నోరు. డాక్టరమ్మ అది తన ఫోన్లోకి పంపించుకుంది.

"ముద్దుగా ఉంది. వందమందిలో ఉన్నా పట్టేస్తాను" అంది.

*

ఇక మిగిలిన రోజుల్లో ఆయమ్మ చేసిన పనల్లా బుడ్డోణ్ణి తన దగ్గర్నుంచి విడదీయడమే. ఎవరూ చెప్పలేదు. విమానంలో వాడు ఏడుస్తాడని, డాక్టరమ్మకి చేతకాక వాణ్ణి కసురుకుంటుందని ఆమెకి భయం. అందుకే నేర్పింది.

"ఊరికే ఊపకండమ్మా. ఇలా అడ్డంగా పెట్టుకుని, చెవి వెనక వేలితో రాయండి. కిందికి కాదు, పైకి. ఆ... అక్కడ."

"ఇక్కడా?"

"ఇంకొంచెం మెత్తగా. కళ్ళలోకి చూడకండి, ఆటనుకుంటాడు. గోడకేసి చూడండి."

డాక్టరమ్మ బుద్ధిగా గోడకేసి చూసింది. పంటి నరాన్ని పట్టే ఆ వేళ్ళు ఇక్కడ మొద్దుబారాయి. మొదటి రోజు వాడు ఏడ్చి ఏడ్చి ఆయమ్మ దగ్గరకే వచ్చాడు. తర్వాత ఆయమ్మ తలుపు వెనక నిలబడటం మొదలుపెట్టింది. "ఆయీ" అని పిలిచినా పలకలేదు. పమిట కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. ఒక మధ్యాహ్నం పిలుపు చిన్నదై, ఇంకా చిన్నదై, ఆగిపోయింది. తొంగి చూస్తే వాడు తల్లి భుజం మీద నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. డాక్టరమ్మ కదలకుండా, ఊపిరి కూడా ఆపి, కళ్ళతోనే "చూశావా!" అంది. ఆయమ్మ తల ఊపింది. డాక్టరమ్మ కళ్ళలో ఆ సంతోషం చూస్తే కోపం తెచ్చుకోవడం కూడా కుదరలేదు.

పిట్టకి చెప్పడమే కష్టమైంది.

"నేను రావట్లేదే. మా డాక్టరమ్మ బుడ్డోణ్ణి తీసుకుని చేపల గోడ దగ్గరికి వస్తుంది" అంది ఫోన్లో.

బట్టల యంత్రం గిర్రున తిరిగి ఆగింది. "పోనీలే అమ్మా" అంది పిట్ట. "బుడ్డోణ్ణి చూస్తాలే. నువ్వు పంపిన ఫొటోల్లో వాళ్ళ మొహాలు చూశాగా. నువ్వు ఎత్తుకునే పిల్లాడేగా."

*

వాళ్ళు తిరిగొచ్చిన రోజు ఆయమ్మ పొద్దున్నే వెళ్ళి ఇల్లు ఊడ్చి, కిటికీలు తెరిచి, పాలు కాచి ఉంచింది. బండి ఆగిన చప్పుడికి మెట్లు దిగి పరుగెత్తింది. డాక్టరమ్మ ముక్కు ఎండకి ఎర్రగా కమిలింది, కానీ మొహం వెలిగిపోతోంది. చంకలో బుడ్డోడు. ఆయమ్మ చేతులు చాచింది. వాడు ఆమెని గుర్తుపట్టి నవ్వాడు, నవ్వి తల్లి మెడ చుట్టూ చెయ్యి బిగించాడు.

"బెట్టు చేస్తున్నాడు" అంది డాక్టరమ్మ, ఆ మాట అనడంలో ఉన్న ఆనందం దాచుకోలేక. "నా దగ్గరే పడుకున్నాడు ఆయమ్మా, రోజూ! నువ్వు చెప్పినట్టే చెవి వెనక..."

ఖర్జూరాలూ చాక్లెట్లూ ఇచ్చింది. ఆ తర్వాత సంచీ అడుగునుంచి ఆ పొట్లం తీసి ఇచ్చింది. కట్టిన దారం కట్టినట్టే ఉంది.

"మీ అమ్మాయి రాలేదు. చాలాసేపు చూశాం. పడవ షికారుకి వేళయిపోతోందని ఆయనకి కాస్త విసుగు కూడా వచ్చింది. వస్తానని రాకపోతే ఎలా చెప్పు?"

ఆయమ్మకి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. "పనుండి ఉంటుందమ్మా. ఏమీ అనుకోకండి. మిమ్మల్ని నిలబెట్టింది."

"పర్వాలేదులే" అంది డాక్టరమ్మ దయగా.

మర్నాడు మధ్యాహ్నం బుడ్డోడు నిద్రపోయాక ఫోన్ మోగింది. ఆయమ్మ బాల్కనీలోకి వెళ్ళి, ఆరేసిన దుప్పట్ల మధ్య నిలబడి తీసింది. తియ్యగానే తిట్టింది.

"రానిదానివి వస్తానని ఎందుకు చెప్పావే? పెద్దవాళ్ళు అంతసేపు నిలబడ్డారు..."

"వచ్చానమ్మా."

"ఏంటి?"

"వచ్చాను. మా మేడమ్ పక్కనే ఉంది. బయటివాళ్ళతో నా అంతట నేను మాట్లాడకూడదు. వాళ్ళు పలకరిస్తే ఫర్వాలేదు, దారి అడిగారని చెప్పొచ్చు. మీ డాక్టరమ్మ పలకరిస్తుందిలే అని వాళ్ళ పక్కనే ఆపాను బండి. ఆవిడ ఫోన్ చూసింది. నా మొహం చూసింది. మళ్ళీ ఫోన్ చూసింది. చూసి, నా వెనక వచ్చేవాళ్ళకేసి చూడటం మొదలెట్టింది."

దుప్పటి చివర్నుంచి నీటి బొట్టు ఆయమ్మ పాదం మీద పడింది.

"బుడ్డోడి సాక్స్ జారిపోతుంటే వంగి పైకి లాగాను. ఆ వంకనైనా పలుకుతుందేమోనని. ఆవిడ బండి వెనక్కి జరుపుకుంది. కాలు మెత్తగా ఉందమ్మా వాడిది."

"ఎదురుగా ఉంటే గుర్తుపట్టకపోవడం ఏంటే? ఫొటో ఉంది కదా చేతిలో! ఎలా అయిపోయావే?"

"కొంచెం చిక్కాను."

"జడలు?"

"తీసేశారు. పిల్లలకి పేలంటుతాయని. ఎప్పుడో."

"నాకు చెప్పలేదే?"

యంత్రం లోపల నీళ్ళు నిండుతున్న చప్పుడు వినపడుతోంది.

"వచ్చెయ్" అంది ఆయమ్మ. "ఏం వద్దు. వచ్చెయ్ ఇంటికి."

"ఎలా వస్తానమ్మా. కాగితాలన్నీ వాళ్ళ దగ్గరేగా" అంది పిట్ట, ఎప్పటినుంచో తెలిసిన విషయాన్ని చిన్నపిల్లకి చెబుతున్నట్టు. అంతలో ఎవరో పిలిచారు. ఫోన్ ఆగిపోయింది.

*

తర్వాతి రోజు పొద్దున డాక్టరమ్మ బుడ్డోణ్ణి గట్టు మీద కూర్చోబెట్టి పళ్ళు తోముతోంది. ఇదివరకు ఆ పని ఆయమ్మదే. ఆయమ్మ తువ్వాలు పట్టుకుని పక్కన నిలబడింది.

"అమ్మా, ఆ చేపల దగ్గర మన బుడ్డోడి సాక్స్ ఎవరో పైకి లాగారట. గుర్తుందా?"

"సాక్సా? ఆ... ఎవరో పనిపిల్ల. ముట్టుకుంటుంటే నేనే బండి వెనక్కి..." డాక్టరమ్మ చెయ్యి ఆగింది. "నీకెవరు చెప్పారు?"

ఆయమ్మ ఆమెకేసే చూసింది.

బ్రష్ డాక్టరమ్మ చేతిలోనే ఉండిపోయింది. బుడ్డోడు నోట్లో నురగతో "ఊ, ఊ" అన్నాడు, ఇంకా తోమమని.

"ఆ పిల్లా?" అంది ఆమె చివరికి. "కాదు ఆయమ్మా. ఆమె పెద్దావిడలా..." ఆ మాట మింగేసింది.

"మిమ్మల్ని ఏమీ అనట్లేదమ్మా" అంది ఆయమ్మ. "మీరు చూశారు కదా. అది వెళ్ళాక దాని మొహం చూసిన మనిషి నాకు తెలిసినవాళ్ళలో మీరొక్కరే. ఎలా ఉందో చెప్పండి."

డాక్టరమ్మ పిల్లాణ్ణి దించి, తలుపుకి ఆనుకుంది. "బూడిదరంగు యూనిఫారం. తెల్ల కాలరు. బండి ఇద్దరు పిల్లలది, ఎర్రది. ఒక పాపకి నడిస్తే వెలిగే బూట్లున్నాయి, వాటి కోసం వీడు గోల చేశాడు. పక్కన ఆవిడ చాలా ఖరీదైన సంచీ వేసుకుంది..."

"మొహమమ్మా."

డాక్టరమ్మ కళ్ళు మూసుకుంది. రెప్పల కింద గుడ్లు కదులుతున్నాయి. నిజంగానే వెతుకుతోంది. ఫోన్ తెచ్చి ఒక్కో ఫొటో జరిపి చూసింది. చేపలు, బుడ్డోడు, సార్, మళ్ళీ చేపలు. ఆ పిల్ల ఎందులోనూ లేదు.

"గుర్తు రావట్లేదు ఆయమ్మా" అంది. "చూశాను. కానీ గుర్తు రావట్లేదు."

ఆయమ్మ బుడ్డోడి మూతి తుడిచింది. తువ్వాలు పిండి ఆరేసింది. తన సంచీ తీసుకుంది.

"కొన్నాళ్ళు రానమ్మా."

"రానంటే?"

"దాన్ని పంపిన ఏజెంటు దగ్గరికి వెళ్ళాలి. వాడు పలక్కపోతే పై ఆఫీసుకి. అక్కడా పలక్కపోతే గుమ్మంలో కూర్చోవాలి. అది వచ్చేదాకా తిరుగుతాను."

"మరి వీడు? ఇవాళ క్లినిక్‌లో నాకు..." అని, డాక్టరమ్మ ఆ మాట పూర్తి చెయ్యలేదు.

"మీ దగ్గర పడుకుంటున్నాడు కదమ్మా" అంది ఆయమ్మ. అందులో ఎత్తిపొడుపు లేదు. వాడి తల నిమిరి, గుమ్మం దాటింది.

సగం మెట్లు దిగాక పైనుంచి తలుపు తెరిచిన చప్పుడైంది. డాక్టరమ్మ పిల్లాణ్ణి చంకనేసుకుని, చెప్పులు లేకుండా మెట్ల దాకా వచ్చింది.

"ఆయమ్మా! నా దగ్గరికి వచ్చే పేషెంట్లలో ఆ ఆఫీసుల్లో చేసేవాళ్ళున్నారు. అడిగి చూస్తాను. మీ అమ్మాయి..." ఆగింది. కమిలిన మొహం ఇంకా ఎర్రబడింది. "మీ అమ్మాయి పేరేంటి?"

ఆయమ్మ మెట్ల మధ్యలో నిలబడి పైకి చూసింది. చేపల గోడ దగ్గర అంతసేపు నిలబడ్డ మనిషికి, పిలుద్దామన్నా ఏమని పిలవాలో తెలియదన్నమాట.

వీధిలో పిలిచే పేరు కాకుండా, కాగితాల్లో ఉన్న పేరు చెప్పింది. ఇంటిపేరుతో సహా, నెమ్మదిగా, విడివిడిగా చెప్పింది. డాక్టరమ్మ దాన్ని తప్పుగా పలికింది. ఆయమ్మ సరిదిద్దింది. ఇంకోసారి అనమంది. సరిగ్గా వచ్చేదాకా అక్కడే నిలబడింది.